3 అంగుళాల సైజు మందపాటి గోడ ఉన్న ఇనుప పైపులు ఇంట్లోనే కోసుకోవాలంటే ఏ మిషన్ కొనాలి?

పందిరి_పిచ్చోడు
పాత ఇనుము కొట్లో కిలోల లెక్కన మంచి ధరకి దొరికితే 3 అంగుళాల పైపులు తెచ్చి పెరట్లో పడేశాను, ఒక్కోటి 20 అడుగులు. వాటితో పాటు 6 అంగుళాల బోరు కేసింగ్ ముక్క కూడా ఒకటి ఉంది. దొండకీ సొరకీ పందిరి వేయాలి, గేదెల షెడ్డుకి స్తంభాలు, గేటుకి రెండు. ముప్పై నలభై కోతలు పడతాయి. గోడ మందం కొలిస్తే దగ్గర దగ్గర 5 ఎం.ఎం. వచ్చింది. మా ఊరి వెల్డర్‌ని ఎప్పుడడిగినా రేపొస్తానంటాడు, ఆ రేపు రాదు. కోసి రెడీగా పెడితే అతికించడానికి మాత్రం వస్తాడట. యాక్సా బ్లేడుతో మొదలెడితే భుజం పట్టేసింది. ఏలూరులో ఒక షాపువాడు చిన్న గ్రైండర్ చాలంటాడు, పక్క షాపువాడు దానితో అయ్యే పని కాదు 14 అంగుళాల డిస్కున్న కటింగ్ మిషన్ తీసుకోమంటాడు, మా బావమరిది గ్యాస్ కటింగ్ పిలిపించమంటాడు. పదివేల లోపు అవ్వాలి. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్_శీను
బావమరిది మాట మాత్రం వినకు. మిగతాది తర్వాత చూద్దాం.

తుక్కురాజు
నలభై కోతలంటే కళ్లు మూసుకుని 14 అంగుళాల కటింగ్ మిషన్ తీసుకో. పైపు బిగించు, హ్యాండిల్ కిందికి నొక్కు, అయిపోయింది. 3 అంగుళాల పైపు నిమిషంలో తెగుతుంది, కోత కూడా తిన్నగా వస్తుంది. చిన్న గ్రైండర్ డిస్కు 4 అంగుళాలు, మధ్యలో నట్టుకీ గార్డుకీ పోగా లోపలికి దిగేది పాతిక ముప్పై ఎం.ఎం. మాత్రమే. 3 అంగుళాల పైపుని అది ఎలా కోస్తుంది?

డాలస్_దోసె
పోర్టబుల్ బ్యాండ్ సా, అంటే పట్టీలా చుట్టూ తిరిగే బ్లేడున్న చేతి రంపం చూడండి. ఇక్కడ నేను గరాజ్‌లో అదే వాడతాను. రవ్వలు లేవు, వాసన లేదు, పక్కింటివాళ్ల గొడవ లేదు, 5 ఎం.ఎం. గోడ హాయిగా కోస్తుంది.

ఆటోనగర్_శీను
అన్నా, ఆయన బడ్జెట్ పదివేలు. మీరు చెప్పిన దానికి బ్యాటరీ కూడా రాదు.

డాలస్_దోసె
కరెంటుతో నడిచేవి కూడా ఉంటాయి శీనూ. అయినా సరే, ఖరీదే, ఒప్పుకుంటా. పైగా వాటిలో చాలా వరకు 5 అంగుళాల దాకా పైపే పడుతుంది, ఆ బోరు కేసింగ్ పట్టదు.

రిటైర్డ్_ఫిట్టర్
తుక్కురాజు గారూ, పైపు లోపల ఏముంది? గాలి. గాలిని కోయడానికి డిస్కు ఎందుకు? పైపు విషయంలో డిస్కు దిగాల్సింది గోడ మందం వరకే, అంటే ఇక్కడ 5 ఎం.ఎం. చుట్టూ తిప్పుకుంటూ కోస్తే 4 అంగుళాల గ్రైండర్‌తో 3 అంగుళాలదీ తెగుతుంది, 6 అంగుళాల కేసింగూ తెగుతుంది, ఓపిక ఉంటే ఓడ పైపు కూడా తెగుతుంది. కడ్డీ కోసేటప్పుడు డిస్కు సైజు చూడాలి, పైపుకి గోడ మందం చూడాలి. షాపులో కూర్చున్నవాళ్లకి ఈ తేడా తెలియకో, పెద్ద మిషన్ అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయనో గాని, వచ్చిన ప్రతివాడికీ "3 అంగుళాల పైపా, అయితే పెద్దది" అనేస్తారు.

ఇంకో సంగతి. 14 అంగుళాల మిషన్‌లో గుండ్రటి పైపు మామూలుగా 4, నాలుగున్నర అంగుళాల వరకే పడుతుంది. డిస్కు అరిగే కొద్దీ అదీ తగ్గుతుంది. అంటే ఆ కేసింగ్ కోసం మళ్లీ చిన్న గ్రైండర్ దగ్గరికే రావాలి. నేను విశాఖలో షిప్ రిపేరు పనుల్లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. పెద్ద పైపులు మిషన్ దగ్గరికి రావు, మిషనే పైపు దగ్గరికి వెళ్లాలి.

ముందు ఒకటి చెప్పండి, పైపుల మీద రంగు పట్టీ ఏమైనా మిగిలి ఉందా? ఐ.ఎస్. 1239 (ఇనుప పైపులకి మన దేశపు ప్రమాణం) పైపులైతే పసుపు పట్టీ లైట్, నీలం మీడియం, ఎరుపు హెవీ. షాపుల్లో ఏ క్లాసు, బీ క్లాసు, సీ క్లాసు అంటారు. 3 అంగుళాల హెవీ పైపు బయటి కొలత 88.9 ఎం.ఎం., గోడ 4.8 దాకా ఉంటుంది. మీ కొలత దానికి సరిపోతోంది.

పందిరి_పిచ్చోడు
తుప్పు కింద ఎరుపు గీతలాంటిది కనిపిస్తోంది బాబాయ్ గారూ. అది తుప్పో పట్టీయో చెప్పలేను. రెండు పైపులు మాత్రం వెండి రంగులో ఉన్నాయి.

రిటైర్డ్_ఫిట్టర్
వెండి రంగువి జీఐ. వాటి సంగతి విడిగా మాట్లాడాలి. హెవీ అయితే మీటరుకి దాదాపు 10 కిలోలు. 20 అడుగుల పైపు 60 కిలోలు. ఒక్కరే ఎత్తకండి. ఈ పనిలో గ్రైండర్ కంటే ముందు నడుము పోతుంది.

తుక్కురాజు
బాబాయ్ చెప్పింది కాదనను. కానీ చుట్టూ తిప్పి కోస్తే గీత కలుస్తుందా? మొదలెట్టిన చోటుకి వచ్చేసరికి రెండు మూడు ఎం.ఎం. పక్కకి పోయి మెట్టు వస్తుంది. స్తంభం వాలుతుంది. నా మిషన్‌తో ఆ బాధ లేదు.

వెల్డర్_బుజ్జి
14 అంగుళాల మిషన్ కోత ఎప్పుడూ తిన్నగానే వస్తుందనుకోవడం కూడా భ్రమే రాజన్నా. తక్కువ ధరవాటికి కింద బేస్ రేకుతో ఒత్తినదే, పైపుని పట్టి ఉంచే వైస్ బోల్టు కొంచెం లూజైతే కోణం జరుగుతుంది. ఆత్రంగా నొక్కితే డిస్కు వంగి కోత ఏటవాలుగా పోతుంది. 20 అడుగుల పైపుకి అవతలి కొస మిషన్ బేస్ ఎత్తుకి సమంగా స్టాండు పెట్టకపోతే పైపు లేచి డిస్కుని పట్టేస్తుంది. నేను రోజూ వాడేవాణ్ని, నా షాపులో రెండూ ఉన్నాయి. రోజుకి వంద కోతలుంటే పెద్ద మిషన్. ఇంటి పనికి చిన్నది. స్తంభం కింద అర ఇంచీ తేడా ఉన్నా కాంక్రీటు గుంటలో పోతుంది, పైన అతికే చోట మాత్రం బాగుండాలి.

ఆటోనగర్_శీను
వెల్డరే ఇక్కడ ఉన్నాడు. పందిరన్నా, బుజ్జిని పిలుచుకో, రేపనడు.

వెల్డర్_బుజ్జి
రేపు కుదరదు శీనన్నా 😀

పాలమూరు_పోరడు
మా దగ్గర బోర్లేసేటోళ్లు ఏం చేస్తరంటే చిన్న గ్రైండర్‌కే గార్డు తీసేసి 7 అంగుళాల డిస్కు బిగిస్తరు. మధ్యల రంధ్రం కలిసేటట్టు బుష్ (రింగు) పెడితే సరిపోతది. లోతు దిగుతది, పని జల్ది అయితది. మస్తు చూసిన.

రిటైర్డ్_ఫిట్టర్
తమ్ముడూ, అది చూసినవాళ్లందరూ నేర్చుకుంటే ఊళ్లో కళ్లు మిగలవు. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. 7 అంగుళాల డిస్కు మీద రాసి ఉండే గరిష్ఠ వేగం 8,500 దరిదాపుల్లో. డిస్కు అంచు వేగం సెకనుకి 80 మీటర్ల వరకే భరిస్తుందని దాని లెక్క, అంటే గంటకి 288 కిలోమీటర్లు. 11,000 దగ్గర 7 అంగుళాల డిస్కు అంచు సెకనుకి 100 మీటర్లు దాటుతుంది. అది ఇసుక లాంటి పొడిని జిగురుతో అతికించి చేసిన బిళ్ల, పగిలితే ముక్క ఎటుపోతుందో ఎవరూ చూడలేరు. పైగా దాన్ని ఆపాల్సిన గార్డుని ముందే తీసేశారు.

పాలమూరు_పోరడు
లెక్క చూస్తే భయమే పెద్దాయనా. నేను చెయ్యలే, చూసిన అన్న అంతే.

మేడమీద_తోట
నేను ఆడదాన్ని, చెయ్యి చిన్నది, 4 అంగుళాల గ్రైండర్‌తోనే మేడ మీద ద్రాక్ష పందిరికి 2 అంగుళాల పైపులన్నీ కోసుకున్నాను. తుక్కురాజు గారి మెట్టు సమస్యకి నా దగ్గర మందుంది. గొట్టాలకి బిగించే స్టీలు క్లిప్పు ఉంటుంది కదా, స్క్రూ తిప్పితే బిగిసేది, పెద్ద సైజుది తెచ్చి పైపు చుట్టూ బిగించండి. అదే గీత. దాని అంచు వెంట ముందు అర మిల్లీమీటరు లోతున చుట్టూ గాడి పెట్టి, తర్వాత క్లిప్పు తీసి అదే గాడిలో మళ్లీ మళ్లీ తిప్పుతూ లోతుకి దిగాలి. ఒకేచోట తెగేదాకా నొక్కితేనే పక్కకి పోతుంది.

వెల్డర్_బుజ్జి
అక్క చెప్పింది నూటికి నూరు కరెక్టు. క్లిప్పు లేకపోతే కాగితం. 3 అంగుళాల పైపు చుట్టుకొలత 279 ఎం.ఎం. వస్తుంది, ఏ4 కాగితం పొడవు 297. అంటే కాగితాన్ని పొడవు వైపున చుడితే ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు ఒకదాని మీద ఒకటి వస్తుంది. ఆ అంచులు రెండూ కచ్చితంగా కలిశాయంటే కాగితం పైపుకి అడ్డంగా తిన్నగా ఉన్నట్టే, మూలమట్టం కూడా అక్కర్లేదు. ఆ అంచు వెంట సుద్దతో గీత. కేసింగ్‌కి న్యూస్ పేపరు షీటు మడిచి చుట్టుకోండి.

పందిరి_పిచ్చోడు
ఇది భలే ఉంది. మరి కోసేటప్పుడు పైపు దేని మీద పెట్టాలి? పెరట్లో రెండు సిమెంటు ఇటుకల మీద పెడదామనుకున్నా.

రిటైర్డ్_ఫిట్టర్
ఇటుకల మీద పెట్టొచ్చు, కానీ కోసే చోటు ఎక్కడ ఉండాలన్నదే అసలు విషయం. రెండు ఇటుకల మధ్యలో కోశారంటే తెగబోయే ముందు పైపు మధ్యలో కుంగి డిస్కుని రెండువైపులా నొక్కేస్తుంది. అప్పుడే గ్రైండర్ ఎగిరి ఒంటి మీదికి వస్తుంది. కోత ఇటుకల బయట ఉండాలి, తెగిన ముక్క కిందికి ఒరిగిపోవాలి. ముక్క మరీ పొడుగైతే బరువుకి చివర్లో చిరిగినట్టు వంగిపోతుంది కాబట్టి దాని కిందా ఆనుడు పెట్టండి, కొంచెం తగ్గించి. పైపు దొర్లకుండా అటూ ఇటూ చెక్క ముక్కలు ఆపు పెట్టండి. తిప్పాల్సొచ్చినప్పుడు గ్రైండర్ ఆగాక తిప్పండి.

డిస్కు 1 ఎం.ఎం. లేదా 1.2 ఎం.ఎం. పలచటిది తెచ్చుకోండి. మందంగా ఉన్నది గట్టిగా ఉంటుందని 3 ఎం.ఎం. డిస్కు తెచ్చేవాళ్లున్నారు, అది కోసేది తక్కువ, కాల్చేది ఎక్కువ. ఈ మందానికి ఒక్కో పలచటి డిస్కు రెండు మూడు కోతలకి వస్తుంది, మంచిదైతే ఇంకొంచెం. పాతిక డిస్కుల పెట్టె తీసుకుంటే సరిపోవచ్చు. అరిగిన కొద్దీ డిస్కు చిన్నదై అంచు వేగం తగ్గుతుంది, అప్పుడు కోత నెమ్మదిస్తుంది, మిషన్ పాడైందనుకోకండి.

తుక్కురాజు
పాతిక డిస్కుల ఖర్చు లెక్కేశావా బాబాయ్? 14 అంగుళాల డిస్కు ఒకటి రెండింటితో ఈ పైపులన్నీ అయిపోతాయి.

రిటైర్డ్_ఫిట్టర్
వేశాను. పాతిక చిన్న డిస్కులూ, మిషనూ, కళ్లద్దాలూ కలిపినా మీ మిషన్ ధర చేరదు.

ఆటోనగర్_శీను
బాబాయ్ 1, రాజు 0.

గ్యాస్_గంగరాజు
అందరూ గ్యాస్‌ని తీసి పారేస్తున్నారు. 5 ఎం.ఎం. గోడకి ఆక్సిజన్ కటింగ్ పెడితే కేసింగ్ కూడా రెండు మూడు నిమిషాల పని. ఇనుమే ఆక్సిజన్‌లో మండి ఊడిపోతుంది, నొక్కుడు లేదు, ఎగురుడు లేదు. ముందు చుట్టూ గుర్తులు పెట్టుకుని ఇస్తే మనిషి గంటలో అన్నీ కోసి పోతాడు.

వెల్డర్_బుజ్జి
గంగరాజు గారూ, కోస్తాడు, నిజమే. కానీ అంచు ఎగుడుదిగుడుగా వస్తుంది, కింద చిట్టెం కారి గడ్డకడుతుంది. దాన్ని మళ్లీ గ్రైండర్‌తోనే చదును చేయాలి. స్తంభం కింది కొసకైతే పర్లేదు, పైన దూలం కూర్చునే చోటుకి పనికిరాదు. మందం 10, 12 దాటితే నేనే గ్యాస్ వైపు పోతా. 5కి అక్కర్లేదు.

ఇంకో మాట, ఇంట్లో వంట సిలిండరు ఇస్తాం ఆక్సిజన్ సిలిండరు మీరు తెండి అని కొందరు బేరమాడతారు. అది చట్టం ఒప్పుకోదు. అసలు ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ (మంట గొట్టంలోకి వెనక్కి రాకుండా ఆపేది) లేని సెట్టుతో ఎవడొచ్చినా వెనక్కి పంపండి. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కి నూనె, గ్రీజు తగలకూడదు, బిగుసుకుందని నూనె రాసేవాణ్ని చూస్తే అక్కడ నిలబడకండి.

రిటైర్డ్_ఫిట్టర్
రెండు కొసలూ మూసి ఉన్న పైపుగానీ, లోపల ఏముండేదో తెలియని పైపుగానీ వేడితో కోయొద్దు. పాత కొట్లో డీజిలు పైపులు కూడా వస్తాయి. ముందు లోపలికి లైటు వేసి చూడండి, వాసన చూడండి. అనుమానముంటే పక్కన పెట్టేయండి, కిలోల లెక్కన తెచ్చారు, కిలోల లెక్కనే తిరిగి ఇచ్చేయండి.

కొళాయి_కృష్ణ
నేను ప్లంబింగ్ పని చేస్తా. చక్రం ఉన్న పైపు కట్టర్ ఎవరూ చెప్పలేదేంటి? పైపు చుట్టూ తిప్పుతూ స్క్రూ బిగిస్తూ పోతే రవ్వ లేకుండా తెగుతుంది, కరెంటు అక్కర్లేదు.

వెల్డర్_బుజ్జి
కృష్ణన్నా, 2 అంగుళాల వరకు ఓకే. 3 అంగుళాల హెవీకి ఆ కట్టర్ ధర చూశావా? పైగా దాన్ని తిప్పాలంటే పైపు వైస్ కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. అది లోహాన్ని కోయదు, నొక్కి చీలుస్తుంది, లోపలివైపు పదునైన అంచు మిగులుతుంది, దాన్ని మళ్లీ రీమర్‌తో, అంటే లోపలి అంచు గీకే పనిముట్టుతో తీయాలి. నీళ్ల పైపుకి మర పెట్టాలంటే అదే మంచిది. పందిరికి వద్దు.

కొళాయి_కృష్ణ
తిప్పాలంటే ఇద్దరు కావాలన్నది నిజమే. మా దగ్గర పిల్లోడుంటాడు కాబట్టి తెలియదు.

కరెంట్_మావయ్య
మిషన్ గురించి ఇంత చర్చ నడిచింది, ప్లగ్గు గురించి ఎవరూ అడగలేదు. 14 అంగుళాల మిషన్ 2,000 వాట్ల పైనే. 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లు, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఇంట్లో టీవీ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్‌కి తగిలిస్తే సాకెట్ కరుగుతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు కావాలి, అది పెరట్లో ఎవరికుంది? చిన్న గ్రైండర్ 700, 850 వాట్లు, ఆ గొడవ లేదు. అయినా పెరటి దాకా సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట చుట్టి లాగొద్దు. చుట్టగా ఉన్న వైరు వేడెక్కుతుంది, పూర్తిగా విప్పి పరవండి. 1.5 చదరపు ఎం.ఎం. వైరు కనీసం.

ఇంకోటి, మన ఊళ్లలో ఇది తప్పకుండా జరుగుతుంది. కోస్తుండగా కరెంటు పోతుంది. గ్రైండర్ పక్కన పెట్టి టీ తాగడానికి పోతారు. స్లైడ్ స్విచ్ ఆన్‌లోనే ఉండిపోతుంది. కరెంటు వచ్చిందంటే గ్రైండర్ నేల మీద దానంతటదే తిరుగుతూ పరిగెడుతుంది. కరెంటు పోతే మొదట చేయాల్సింది స్విచ్ వెనక్కి లాగి ప్లగ్గు పీకడం. చేత్తో నొక్కి ఉంచితేనే తిరిగే ప్యాడిల్ స్విచ్ మోడళ్లు ఉంటాయి, దొరికితే అవే తీసుకోండి.

పాలమూరు_పోరడు
మావయ్యా, నేను అందరికంటే ముందు అడుగుదామనుకున్నది ఇదే. మా పొలం కాడ వోల్టేజి 180కి పడిపోతది. గ్రైండర్ తిరుగుతదా?

కరెంట్_మావయ్య
తిరుగుతుంది, బలం ఉండదు. నువ్వు బలం కోసం నొక్కుతావు, మోటారు కాలుతుంది. నొక్కకుండా నెమ్మదిగా పోనివ్వు, మధ్యమధ్యలో ఖాళీగా తిప్పి చల్లార్చు. లేదా వోల్టేజి బాగున్న వేళ చూసుకుని కోసుకో.

మేడమీద_తోట
రవ్వలు ఎటు పోతున్నాయో చూసుకోండి. గ్రానైట్, టైల్స్ మీద పడితే అప్పుడేం కనిపించదు, మొదటి వానకి ఎర్రటి చుక్కలు పొడుచుకొస్తాయి, రుద్దినా పోవు. పక్కింటి కారు అద్దం మీద పడితే గాజులో అతుక్కుపోతాయి. మా అపార్టుమెంటులో ఈ విషయం మీద సంఘం మీటింగు కూడా జరిగింది, దోషి నేను కాదు లెండి.

గోదారి_గట్టు
టైల్స్ పోతే మళ్లీ వేయొచ్చు. మా పక్క ఊళ్లో గేటు పని చేస్తుంటే రవ్వలు గడ్డివాము వైపు పోయాయి. అప్పుడు పొగ కూడా రాలేదు, పని ముగించుకుని అందరూ భోజనాలకి కూర్చున్నాక అంటుకుంది. పందిరి గారూ, మీది గేదెల షెడ్డు అంటున్నారు, గడ్డి ఎక్కడుందో చూసుకోండి. పని అయ్యాక కూడా కాసేపు అక్కడే ఉండండి, బకెట్‌తో నీళ్లు దగ్గర పెట్టుకుని.

పందిరి_పిచ్చోడు
గడ్డివాము ఇరవై అడుగుల దూరంలో ఉంది. కోసే పని వీధి వైపుకి మార్చేస్తా.

గోదారి_గట్టు
వీధి వైపు మార్చండి, పక్కింటి కారు ఎక్కడుందో అది కూడా చూసి.

ఆటోనగర్_శీను
అటు గడ్డి, ఇటు కారు. మధ్యలో పందిరన్న.

సందేహం_సూరి
ఇంట్లో టైల్స్ కోసే మార్బుల్ కటింగ్ మిషన్ ఉంది. దానికే ఇనుము కోసే డిస్కు వేస్తే సరిపోదా, కొత్తది ఎందుకు?

వెల్డర్_బుజ్జి
వద్దు. దానికున్న డైమండ్ బ్లేడు ఇనుము కోసం చేసింది కాదు, పళ్లు మూసుకుపోయి వేడెక్కుతుంది. ఇనుము డిస్కు వేద్దామంటే మధ్య రంధ్రం కొలతే కలవదు, కలిపినా దాని గార్డు, కింద పలక గుండ్రటి పైపు మీద ఆనవు. అలాగే చెక్క కోసే పళ్ల బ్లేడు గ్రైండర్‌కి ఎప్పుడూ బిగించొద్దు, అడిగినా అడక్కపోయినా చెబుతున్నా. పన్ను ఇరుక్కుంటే మనిషి పట్టు ఆపలేదు.

సందేహం_సూరి
మరి రెసిప్రొకేటింగ్ సా, అదే ముందుకీ వెనక్కీ ఆడే కరెంటు రంపం? వీడియోల్లో ఇనుము కూడా వెన్నలా కోస్తున్నారు.

డాలస్_దోసె
కోస్తుంది, కానీ బ్లేడు కార్బైడ్ (బాగా గట్టి) పళ్లదైతే ఈ మందానికి ఎక్కువ నిలుస్తుంది. మామూలు బైమెటల్ బ్లేడు దానికంటే త్వరగా మొద్దుబారుతుంది. పైపు గట్టిగా బిగించకపోతే కోత కాదు, పైపంతా ఊగుతుంది. పాత ఇంట్లో గోడ పక్కన ఇరుకులో ఉన్న పైపు తీయడానికి బాగుంటుంది. ఆరుబయట పెట్టి కోసుకునే వీలుంటే నేను కూడా గ్రైండరే అంటాను. చూశారా, మారిపోయాను.

రిటైర్డ్_ఫిట్టర్
యాక్సా బ్లేడుని మరీ తీసి పారేయకండి. పందిరి గారి భుజం పట్టేసిందంటే బ్లేడు తప్పై ఉండాలి. 5 ఎం.ఎం. గోడకి అంగుళానికి 18 పళ్లున్న బ్లేడు, షాపులో అడక్కుండా ఇచ్చేది 24 పళ్లది. పళ్ల మొన ముందుకి చూడాలి, ముందుకి తోసేటప్పుడే నొక్కాలి, వెనక్కి లాగేటప్పుడు వదిలేయాలి. నిమిషానికి నలభై యాభై తోపులు చాలు, చాలామంది రంపాన్ని నూరినట్టు రాస్తారు. గోడ తెగి లోపలికి దిగగానే పైపు కొంచెం తిప్పాలి. ఒకటి రెండు కోతలకైతే, అది కూడా కరెంటు లేని చోటైతే, ఇప్పటికీ ఇదే నా మొదటి పనిముట్టు. ముప్పైకి కాదు.

పందిరి_పిచ్చోడు
చూశా, 24 అని రాసుంది. షాపువాడు ఏమీ అడగలేదు.

మరి 4 అంగుళాలదా 5 అంగుళాలదా? బాష్ జీడబ్ల్యూఎస్ 600 అని ఒకటి చూపించారు, డివాల్ట్‌లో 850 వాట్లది ఒకటి.

వెల్డర్_బుజ్జి
రెండూ మా దగ్గర పనివాళ్ల చేతుల్లో నలిగినవే, ఏదైనా పర్లేదు. ఈ మందానికి 850 వాట్లది కొంచెం హాయి, అంతే. 5 అంగుళాలది తీసుకుంటే డిస్కు ఎక్కువసేపు వస్తుంది, కానీ మీ ఏలూరులో ఏ కిరాణా కొట్టు పక్కన అడిగినా దొరికేది 4 అంగుళాల డిస్కే. షాపులో ఏజీ4 అని అడిగితే 4 అంగుళాల గ్రైండర్ ఇస్తారు. డిస్కు కొనేటప్పుడు మధ్యలో ఇనుప రింగు మీద నెల, సంవత్సరం ఉంటాయి చూడండి. జిగురుతో చేసిన డిస్కులకి గడువు ఉంటుంది, మామూలుగా తయారైన మూడేళ్లు. తేమలో పడున్న పాత సరుకు చవగ్గా ఇస్తానంటే వద్దు. పలచటి కటింగ్ డిస్కుని పక్కకి వంచి అంచులు రుద్దొద్దు, దానికి మందపాటి గ్రైండింగ్ డిస్కు విడిగా ఒకటి కొనుక్కోండి.

మేడమీద_తోట
కళ్లద్దాలు మర్చిపోకండి. మామూలు కళ్లజోడు కాదు, పక్కలు కూడా మూసేవి. వాటి మీద మొహం కప్పే షీల్డు ఉంటే ఇంకా మంచిది.

ఆటోనగర్_శీను
లుంగీ, భుజం మీద తువ్వాలు, కాళ్లకి హవాయి చెప్పులు. ఇదే మా ఆటోనగర్ యూనిఫాం.

వెల్డర్_బుజ్జి
నవ్వుతాలుగా అన్నా నిజమే చెప్పాడు. తువ్వాలు అంచు డిస్కుకి చుట్టుకుందంటే గ్రైండర్ మెడ దాకా వస్తుంది. నూలు గ్లవ్స్ కూడా అంతే, పోగు చిక్కుకుంటుంది. బిగువైన తోలు గ్లవ్స్, ప్యాంటు, బూట్లు.

పందిరి_పిచ్చోడు
బాబాయ్ గారూ, జీఐ పైపుల సంగతి విడిగా అన్నారు.

రిటైర్డ్_ఫిట్టర్
అవును. జీఐ అంటే పైన జింకు పూత. గ్రైండర్‌తో కోస్తే కొద్దిగా పొగ, ఆరుబయట గాలికి ఎదురుగా కాకుండా నిలబడితే చాలు, మాస్కు పెట్టుకోండి. కానీ వెల్డర్ దాన్ని అతికేటప్పుడు, లేదా గ్యాస్ పెట్టినప్పుడు జింకు మండి తెల్లటి పొగ వస్తుంది. అది పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు, నోట్లో లోహపు రుచి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గాని పడేవాడికి ఏదో పెద్ద జబ్బనిపిస్తుంది. మా షెడ్లో కొత్తవాళ్లు మలేరియా అనుకుని ఆసుపత్రికి పరిగెత్తేవారు. అందుకని కోసేటప్పుడే కొస నుంచి రెండు అంగుళాల మేర పూత గ్రైండింగ్ డిస్కుతో తీసేసి పెట్టండి, మీ వెల్డర్ మీకు దణ్ణం పెడతాడు.

వెల్డర్_బుజ్జి
పెడతాడు. మేమందరం పెడతాం. ఎవరూ చేయరు ఇది.

గ్యాస్_గంగరాజు
పాలు తాగితే ఆ పొగ విరుగుతుందని మావాళ్లు అంటారు.

రిటైర్డ్_ఫిట్టర్
పాలు తాగితే పాలు తాగినట్టే. పొగ పీల్చకపోవడమే మందు.

పందిరి_పిచ్చోడు
850 వాట్ల 4 అంగుళాలది తీసుకున్నా, 1 ఎం.ఎం. డిస్కులు ఒక పెట్టె, గ్రైండింగ్ డిస్కు ఒకటి, కళ్లద్దాలు, షీల్డు. అన్నీ కలిపి బడ్జెట్‌లో బాగా మిగిలింది. 3 అంగుళాల పైపులు సగం పైన కోసేశాను, ఏ4 కాగితం పద్ధతి అద్భుతం. కేసింగ్ ఇంకా మొదలెట్టలేదు. స్తంభం మీద అడ్డ పైపు కూర్చోవాలంటే పైన అర్ధచంద్రాకారంలో కోయాలట కదా, అది ఎలా?

వెల్డర్_బుజ్జి
ఒకే సైజు పైపు మీద ఒకే సైజు పైపు అయితే పెద్ద లెక్క అక్కర్లేదు. స్తంభం కొసన ఎదురెదురుగా రెండు పక్కల ఏటవాలుగా రెండు కోతలు పెట్టు. ముందు నుంచి చూస్తే మధ్యలో పల్లం, అటూ ఇటూ రెండు చెవుల్లా నిలబడతాయి. తర్వాత గ్రైండింగ్ డిస్కుతో ఆ పల్లాన్ని గుండ్రంగా చేసుకుంటూ అడ్డ పైపు ముక్కని ఆనించి చూస్తూ పో. రెండు మూడు ఎం.ఎం. సందున్నా వెల్డింగ్ నింపేస్తుంది. తీసింది మళ్లీ రాదు, కాబట్టి కొంచెం కొంచెం తియ్యి. మొదటిది తుక్కు ముక్క మీద చేసి చూసుకో.

తుక్కురాజు
చూశావా, అది నా మిషన్‌తో కాదు. ఒప్పుకున్నా.

ఆటోనగర్_శీను
బాబాయ్ 2.

గోదారి_గట్టు
కోసిన కొసలు వదిలేయకండి, ఈ తేమకి వారంలో ఎర్రబడతాయి. ఆకురాయితో పదును తీసేసి రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేయండి, జీఐ కొసలకి జింక్ ప్రైమర్. స్తంభాల పై కొసలు మూయకపోతే వాన నీళ్లు లోపల నిలిచి లోపలినుంచే తినేస్తుంది.

పందిరి_పిచ్చోడు
పైన మూతలు దేనితో వేయాలి?

వెల్డర్_బుజ్జి
అడ్డ పైపు కూర్చునే వాటికి మూత అక్కర్లేదు, వెల్డింగే మూస్తుంది. గేటువాటికి 3 ఎం.ఎం. రేకు గుండ్రంగా కోసి చుట్టూ అతికించమనండి. షెడ్డు స్తంభాల కింద, కాంక్రీటుకి కొంచెం పైన, చిన్న రంధ్రం ఒకటి పెట్టించండి, లోపల చెమ్మ పడితే కారిపోతుంది.

సందేహం_సూరి
ఆ 6 అంగుళాల కేసింగ్ దేనికి వాడతారు అసలు?

పందిరి_పిచ్చోడు
ఇంకా తెలియదు. చవగ్గా వచ్చింది కదా అని తెచ్చా.